వెలచీటి లేని వస్తువులు

నల్లగొండ జిల్లాలోని ఒక పాఠశాలయందు ఇరువది యేండ్లకు పైగా పాఠములు చెప్పుకొని బ్రతుకుచున్న మేము హైదరాబాదు పడమటి కొసనున్న క్రొత్త పట్టణమును మొన్నటివరకు చూచి యెరుగము. 1998లో మాదాపురమున సైబర్ టవర్సు ప్రారంభమైన నాటినుండి దాని కీర్తిని మాత్రము వినుచునే యుంటిమి. బంధువొకరి గృహప్రవేశమునకై పోవలసివచ్చి, ఎల్బీ నగరమున మెట్రో రైలెక్కి, అమీరుపేటలో బండి మారి, రాయదుర్గమున దిగితిమి.

దిగినంతనే మా కన్నులబడినది మేడల యెత్తు కాదు, వెలచీటి. కూర్చుండుటకు వెల, బండి నిలుపుటకు వెల, దప్పికకు వెల. మా యూళ్లలో బాటసారికి చలివేంద్రమున ఊరక పోయు నీరు ఇచ్చట సీసాలో మూతబడి అద్దాల పెట్టెలో నున్నది. ఇన్నిటికి లెక్క వ్రాయు నగరము, తాను తీసికొన్నదానికిని లెక్క వ్రాసియుండునని తలచితిమి. వ్రాయలేదు.

నీటినే చూడుడు. 2004 మొదలు కృష్ణాజలము మా జిల్లాలోని అక్కంపల్లి జలాశయమునుండి కోదండాపురమున శుద్ధియై, గొట్టముల వెంట నగరమునకు చేరుచున్నది. ఆ నాళ్లలో అదే జిల్లాయందు ఫ్లోరైడు నీరు త్రాగి కాళ్లు వంకరవోయిన పిల్లలకు మేము అక్షరములు దిద్దించుచుంటిమి. మాకు మిషన్ భగీరథ నల్లాలు వచ్చుటకు మరియొక పుష్కరము పట్టినది. నగరము మాకు మారుగా నిచ్చినదేమి? మూసీ. అది నగరపు మురికిని మోసికొని పూర్వపు నల్లగొండ జిల్లా పొలములను తడిపి, వాడపల్లి యొద్ద కృష్ణలో కలియుచున్నది. మంచినీరు గైకొని మురుగు నొసగు బేరమును ఏ వర్తకుడు న్యాయమనును?

ఇక మనుష్యుల మాట. గృహప్రవేశపు టింటిప్రక్కనే మరియొక మేడ లేచుచున్నది. ఇటుకలు దించి నీడను కూర్చున్న ఒక తల్లిని ఏ యూరమ్మా యని యడిగితిమి. "కోస్గి దిక్కు సార్" అనెను. ప్రక్కన ఎనిమిదేండ్ల బాలుడు. ఏ తరగతి?

"రెండుల ఇడిసిపెట్టిండు. దసరా అయినంక ఊర్లె ఎవ్వలుంటరు సార్? పిలగాన్ని ఎవ్వల కాడ ఇడుస్తం?"

ఆనకట్టలకును మేడలకును పాలమూరు కూలి యనిన దేశమంతట పేరు. ఆ పేరు క్రింద ఎందరు బిడ్డల పేర్లు హాజరుపట్టీలలో మాసిపోయినవో ఎవరు లెక్కించిరి? అట్టి పేర్లను మేమును కొట్టివేసితిమి. ఆ బిడ్డ లెచ్చటికి పోయిరో వెదకలేదు. ఈ లెక్క తప్పులో మా చేయియు కలదు.

"నగరము లేకున్న వారికి కూలి యెక్కడిది?" అని కొందరందురు. కూలి దొరకుట మేలే. కాని తల్లికి కూలి యిచ్చి బిడ్డ చదువును తీసికొనుట ఏమి మేలు? మరికొందరు నగరమే పాపకూపమని నిందించి, తమ కుమారుల నచ్చటికే పంపుదురు. ఆ నిందవలన ఆ బాలునికి ఒక పలక యైన రాదు. ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు చదువు హక్కని 2009నాటి చట్టము చెప్పుచున్నది. బదిలీపత్రము ఆలస్యమైనదను సాకుతో బిడ్డను చేర్చుకొనకుండరాదనియు అందే కలదు. చట్టము కలదు, అడుగువారు లేరు.

సోదరీసోదరులారా! ఇల్లు కొనునప్పుడు గచ్చురాయి ఎచ్చటిదని యడుగుదురు. తలుపు ఏ కర్రయని యడుగుదురు. ఈ గోడలు లేపినవారి బిడ్డలు ఏ బడిలో నున్నారని కట్టించువానిని ఒక్కమారు అడుగుడు. బయానా ఇచ్చుటకు ముందే యడుగుడు. పిదప అడిగిన వినువాడుండడు. మేము మా బంధువు నడిగితిమి. ఆయన యెరుగడు. పాయసము చల్లారుచున్నదని విస్తరి ముందు కూర్చుండబెట్టెను. మేమును భుజించి వచ్చితిమి.

వచ్చినది మొదలు మా పాత హాజరుపట్టీలు తిరుగవేయుచున్నాము. కొట్టివేసిన ప్రతి పేరు నెదుట ఆ బిడ్డ పోయిన యూరు వ్రాయుటకు పూనుకొంటిమి.