నీడను కొలిచే సెలవులు

మొన్న మే నెల మొదటివారంలో మా నాయిన తమ్ముణ్ణి వెంటబెట్టుకొని, మిర్యాలగూడ దగ్గరున్న మా ఊరి నుంచి అమీర్‌పేటలో నేనుండే గదికి వచ్చాడు. యాసంగి వరి కోతలు అయిపోయాయి. తమ్ముడు ఎనిమిదో తరగతి పాసయ్యాడు. పట్నంలో ఎండాకాలం సెలవుల్లో పిల్లలకు సైన్సు శిబిరాలు పెడతారని, అందులో పిల్లలే స్వయంగా ప్రయోగాలు చేస్తారని ఊళ్ళో ఎవరో చెప్పారట. "చిన్నోనికి సైన్సు మీద మంచిగ మనసున్నదిరా. ఓ పదిహేను దినాలు నీకాడ పెట్టుకొని నేర్పియ్యి" అన్నాడు నాయిన.

ముగ్గురం కలిసి ఒక శిబిరానికి పోయాం. రంగురంగుల కరపత్రం చేతికిచ్చారు. నాయిన ఫీజు ఎంతని అడిగాడు. చెప్పిన అంకె విని అక్కడ ఏమీ అనలేదు. మెట్లు దిగాక మాత్రం "మూడెకరాలు దున్నిచ్చుడు గదరా!" అన్నాడు. రైతు లెక్కలు అట్లాగే ఉంటాయి. తమ్ముడి దృష్టి మాత్రం ఫీజు మీద లేదు. వాడు కిటికీలోంచి లోపలికి చూసి వచ్చాడు. ముప్పైమంది పిల్లలు వరసగా కూర్చొని ఉన్నారు. బల్ల దగ్గర మాస్టారు వంటసోడాలో వెనిగర్ పోసి నురుగు పొంగిస్తున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. "అన్నా, వాళ్ళు చప్పట్లే కొడ్తుండ్రు. మరి చేసుడెప్పుడు?" అన్నాడు తమ్ముడు.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే నేనూ అట్లాంటి చదువులోంచే వచ్చాను. నేను చదివిన స్కూల్లో ప్రయోగశాల ఉండేది. దానికో తాళం కూడా ఉండేది. ఐదేళ్ళలో ఆ తాళం తీసింది తనిఖీకి అధికారులు వచ్చిన రోజుల్లోనే. గాజు సామాను పగిలితే ఎవరు కడతారని భయం! ఇంటర్‌లో రికార్డు పుస్తకం ముందటేడువాళ్ళది చూసి దించాను. డిగ్రీకి వచ్చి మొదటిసారి బ్యూరెట్ చేతిలోకి తీసుకుంటే చెయ్యి వణికింది. పదేళ్ళ వయసునుంచే పార పట్టి మడికి నీళ్ళు కట్టినవాణ్ణి, ఒక గాజుగొట్టం పట్టుకోవడానికి వణికానంటే తప్పు నా చేతిదా? ఆ చేతికి సైన్సుతో పనే లేకుండా పన్నెండేళ్ళు చదువు చెప్పిన పద్ధతిదా? పాఠకులే ఆలోచించాలి.

మర్నాడు పంజగుట్ట నిమ్స్ ఆస్పత్రిలో ఉన్న మా ఊరి మనిషిని పలకరించి, ముగ్గురం గ్రీన్‌లాండ్స్ వైపు నడిచాం. అక్కడ చెట్ల నడుమ ఒక పాత గుమ్మటం కనబడుతుంది. రోజూ వేలమంది ఆ దారిన పోతారు. కోచింగు సెంటర్ల బోర్డులన్నీ చదువుతారు గాని ఆ గుమ్మటం సంగతి అడిగేవాళ్ళు తక్కువ. అది నిజామియా వేధశాల. 'సెస్' అని మనం పిలుచుకునే ఆర్థిక సామాజిక అధ్యయన కేంద్రం ఉన్నది ఆ ఆవరణలోనే.

దాని కథ మన విద్యార్థులందరికీ తెలిసి ఉండవలసింది. పాయెగా వంశీకుడు నవాబు జఫర్ జంగ్ ఇంగ్లండు నుంచి 15 అంగుళాల దూరదర్శిని తెప్పించి, 1901లో ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో వేధశాలకు పునాది వేశాడు. 1907లో ఆయన చనిపోయాడు. మరుసటి ఏడు ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకొని బేగంపేటకు మార్చింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అప్పగించింది. అంటే అది పరాయి సొత్తు కాదు, మన యూనివర్సిటీ చరిత్రలో భాగం.

1887లో పారిస్‌లో ప్రపంచ ఖగోళ శాస్త్రజ్ఞులు ఆకాశాన్నంతా ఫోటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారుచేయాలని తీర్మానించారు. ఆకాశాన్ని, గ్రామాలకు భూమి సర్వే చేసినట్టు, వాటాలుగా పంచుకున్నారు. అందులో ఒక వాటా తర్వాతి కాలంలో మన హైదరాబాదుకు వచ్చింది. ఇక్కడివాళ్ళు రాత్రులు గాజు పలకల మీద ఫోటోలు తీశారు. పగళ్ళు ఆ పలకల మీది చుక్కలను ఒక్కొక్కటిగా కొలిచి రాశారు. 1918లో డైరెక్టరైన టి.పి. భాస్కరన్ ఆ పనిని ఏళ్ళ తరబడి నడిపించాడు. మొత్తం 12 సంపుటాలు, 7 లక్షల 60 వేలకు పైగా నక్షత్రాలు! కంప్యూటరు లేని రోజుల్లో, చేత్తో! నాట్లు వేసే కూలీ మొక్క తర్వాత మొక్క నాటుతూ పోయినట్టే చేశారు. నేను ఈ సంగతి చెబితే నాయిన "ఏడున్నర లక్షలా? ఓపికున్నోళ్ళు బిడ్డా" అన్నాడు. సైన్సుకు ఇంతకంటే మంచి మెప్పు నేను వినలేదు.

ఇక నేను చెప్పదలచుకున్న అసలు విషయానికి వస్తాను. ఆ వేధశాలలో వైను బప్పు తండ్రి ఉద్యోగి. కొడుకు ఆ దూరదర్శినుల మధ్యనే పెరిగాడు. నిజాం కాలేజీలో చదువుకున్నాడు. 1949లో హార్వర్డులో ఉండగా ఒక కొత్త తోకచుక్కను కనిపెట్టాడు. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. తమిళనాడులోని కావలూరులో వేధశాలను నెలకొల్పాడు. అక్కడి పెద్ద దూరదర్శినికి ఇవాళ ఆయన పేరే ఉంది. బప్పు ప్రతిభను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ పిల్లవాడికి దూరదర్శిని అందుబాటులో ఉంది గదా! అదే వయసులో అది అందని పిల్లలు ఎంతమంది, అందులో ఎందరు బప్పులు కాకుండా పోయారు?

ఇదే ప్రాంతంలో, కాస్త దూరంలో, మరో ఇల్లుంది. 1897 ఆగస్టు 20న బేగంపేటలో డాక్టర్ రొనాల్డ్ రాస్ ఒక దోమ కడుపును మైక్రోస్కోపు కింద పరిశీలించి, మలేరియా క్రిమి దోమలో పెరుగుతుందని కనిపెట్టాడు. దానికే 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. పంకా వేస్తే కోసిన దోమలు గాలికి ఎగిరిపోతాయని ఆ ఉక్కలోనే పనిచేశాడు. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. దోమలతో కుట్టించుకున్న హుసేన్ ఖాన్ అనే రోగికి దోమకొక అణా చొప్పున ఇచ్చాడు. నోబెల్ రాస్‌కు వచ్చింది, హుసేన్ ఖాన్‌కు అణాలు మిగిలాయి. పిల్లలకు ఈ రెండో సంగతి కూడా చెప్పాలనే నేనంటాను. ఆ భవనం కూడా ఉస్మానియా అధీనంలోనిదే.

మరి ఇంత ఆస్తి పెట్టుకొని మనం చేస్తున్నదేమిటి? రాస్ పేర ఏడాదికోసారి దండ వేస్తాం. గుమ్మటాన్ని వారసత్వ కట్టడమంటాం. చూడడానికే గాని, ముట్టుకోవడానికి కాదు! నా అభిప్రాయం ఒక్కటే. ఏటా మే నెలలో మూడు వారాలపాటు ఈ రెండు చోట్లా ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు సైన్సు శిబిరాలు నడపాలి. ఫీజు ఉండకూడదు. చేసేది పిల్లలే కావాలి. చేయించేది మనం, అంటే సైన్సు విద్యార్థులం కావాలి.

ఏం చేయిస్తారని అడుగుతారు. ఖరీదైన రోబోలు అక్కర్లేదు. ఒక కర్ర చాలు. ఏటా మే 9న హైదరాబాదులో మధ్యాహ్నం సుమారు 12 గంటల 12 నిమిషాలకు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిట్టనిలువు కర్రకు నీడ పడదు. ఆ రోజు నేనూ తమ్ముడూ మా బిల్డింగు డాబా మీద ఒక పైపు నిలబెట్టి, దారానికి రాయి కట్టి నిలువు సరిచూశాం. నీడ కుంచించుకుపోయి పోయి మాయమైంది. నీడను చూసి పొద్దు చెప్పే మా నాయిన అయితే కింద వంగి మరీ వెదికాడు. "ఇగో, ఇదేడ పోయిందిరా!" అన్నాడు.

అదే రోజు, అదే సమయానికి ఆదిలాబాదులో మీటరు కర్ర నిలబెట్టిన పిల్లలకు దాదాపు నాలుగు సెంటీమీటర్ల నీడ ఉత్తరం వైపు పడుతుంది. దాన్నిబట్టి లెక్క వేస్తే కోణం రెండుంపావు డిగ్రీలు వస్తుంది. ఆదిలాబాదు మనకు ఇంచుమించు సూటిగా ఉత్తరాన, గాలిదూరంలో సుమారు 250 కిలోమీటర్లు ఉంది. 360 డిగ్రీల్లో రెండుంపావు ఎన్నిసార్లు పోతుంది? 160 సార్లు. 250ని 160తో హెచ్చించండి: 40,000 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలత! రెండువేల రెండువందల ఏళ్ళ కిందట ఈజిప్టులో ఎరాటోస్తనీస్ వాడిన ఉపాయం ఇదే. రెండు కర్రలు, ఒక ఫోన్ కాల్, ఎనిమిదో తరగతి లెక్క. భూమిని కొలిచామని పిల్లవాడు ఊళ్ళో చెప్పుకోగలడు.

రాస్ ఇంట్లో పని ఇంకా తేలిక. అమీర్‌పేట గల్లీల్లో కూలర్లకు కొదవా? వాటి నీళ్ళలోంచి దోమ లార్వాలను సీసాల్లో పట్టించాలి. నీటి మట్టానికి సమాంతరంగా తేలేది మలేరియా మోసే అనాఫిలిస్ లార్వా. తలకిందులుగా వేలాడేది క్యూలెక్స్‌ది. సీసాకు పల్చటి గుడ్డ కట్టి, రోజూ చూసి బొమ్మ గీస్తే పది రోజుల్లో దోమ బయటికి రావడం కళ్ళారా చూస్తారు. ఇది చూసిన పిల్లవాడు ఇంటికెళ్ళి తొట్టి కడిగించకుండా ఊరుకుంటాడా? రాత్రి పూట కాగితపు గొట్టంలోంచి ఆకాశంలో ఒకే ముక్కలో చుక్కలు లెక్కపెట్టాలి. పంజగుట్టలో ఎన్ని, తమ ఊళ్ళో ఎన్ని? పట్నం వెలుతురు వల్ల ఇక్కడ చుక్కలు కానరాకనే మన యూనివర్సిటీ 1968లో జాపాల-రంగాపూర్‌లో 48 అంగుళాల దూరదర్శిని పెట్టుకోవలసి వచ్చిందని అప్పుడు చెబితే అర్థమవుతుంది.

దీనికి ఆక్షేపణలు ఉంటాయని నాకు తెలుసు. పాత కట్టడాలు, పిల్లలు పాడుచేస్తారంటారు. నిజమే, విలువైన పరికరాల జోలికి పోనీయకూడదు. కాని మనుషులు మసలని ఇల్లే త్వరగా పాడవుతుందని పల్లెటూరి వాళ్ళెవరిని అడిగినా చెబుతారు. ఎండలంటారు. పొద్దున్నే రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు పెట్టుకోవచ్చు. నీడ కొలిచేందుకు మధ్యాహ్నం పదిహేను నిమిషాలు చాలు. ఇక, ర్యాంకులకు పనికొస్తుందా అని తల్లిదండ్రులు అడుగుతారు. ఇదే కష్టమైన ప్రశ్న. మూడెకరాల దున్నకం లెక్క వేసే తండ్రికి 'జిజ్ఞాస' అనే మాట కడుపు నింపదు. నేను అబద్ధం చెప్పదలచుకోలేదు. నీడ కొలిచినందుకు ఏ ప్రవేశ పరీక్షలోనూ మార్కులు వేయరు. అయితే తన చేత్తో చేసినవాడు పాఠాన్ని మరచిపోడు, తెలియనిది అడగడానికి భయపడడు. పల్లెనుంచి వచ్చి వెనక బెంచీలో నోరుమూసుకు కూర్చున్న నాలాంటివాళ్ళకు లోపించింది ఆ ధైర్యమే.

ఇది జరగని పని కూడా కాదు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాదు జిల్లాలో 1972లో 16 పల్లెటూరి పాఠశాలల్లో, పిల్లలే ప్రయోగాలు చేసి నేర్చుకొనే పద్ధతి మొదలై, ఎన్నో వందల పాఠశాలలకు పాకింది. 2002లో ప్రభుత్వమే దాన్ని ఆపేసింది. మంచి పని తనంతట తానే నిలవదని, నిలబెట్టేవాళ్ళుండాలని అది మనకు నేర్పుతుంది. కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ 1999నుంచి పల్లె పిల్లల దగ్గరికి బండ్ల మీద ప్రయోగశాలలను తీసుకుపోతున్నది. అక్కడ కొండల మధ్య, బీడునేలలో చేయగలిగిన పనిని, మెట్రో స్టేషను పక్కన, యూనివర్సిటీ అండతో మనం చేయలేమా?

సోదర విద్యార్థులారా! మన సంఘం ఏటా వార్షికోత్సవం చేస్తుంది, సావనీరు వేస్తుంది. బాగానే ఉంది. వచ్చే వేసవికి ఒక పదిమందిమి పేర్లు ఇద్దాం. యూనివర్సిటీ వారినీ, సెస్ వారినీ కలిసి అనుమతి అడుగుదాం. ముప్పైమంది పిల్లలతో మొదలుపెడదాం. గురువులు దారి చూపాలి. పూర్వ విద్యార్థులు పాత మైక్రోస్కోపో, భూతద్దమో ఇస్తే చాలు, శిలాఫలకాలు అక్కర్లేదు.

తమ్ముడు ఏ శిబిరంలోనూ చేరలేదు. మే 10న నాయినతో ఊరికి పోతూ ఆ పైపు ముక్కను వెంట తీసుకుపోయాడు. ఆగస్టులో సూర్యుడు దక్షిణానికి మళ్ళేటప్పుడు మరోసారి నీడ మాయమవుతుందని చెప్పి పంపాను. హైదరాబాదులో అది ఆగస్టు 3. ఐదో తారీఖున వాడు ఫోన్ చేశాడు. ఆ పూట మబ్బు తెరిపిచ్చిందట.

"అన్నా, మీకు మూడున పోయింది గదా. మాకు ఇయ్యాల పోయింది. మనూరికి రెండు దినాలు ఆలస్యమెందుకు?"

జవాబు నాకు తెలుసు. చెప్పలేదు. "నువ్వే చూడు, మ్యాపు తీసి" అన్నాను. సాయంత్రానికి మళ్ళీ ఫోన్ వచ్చింది. ఈసారి మాట్లాడింది నాయిన. "మీ తమ్ముడు బియ్యపు పిండితో వాకిట్ల భూగోళం గీసిండు, బర్రెలను గూడ తొక్కనిస్తలేడు" అన్నాడు.

అట్లాంటి వాకిళ్ళు మన జిల్లాల్లో ఎన్ని ఉన్నాయో, వాటికి అందవలసిన కర్రముక్క ఎవరి చేతుల్లో ఉందో మనమే ఆలోచించుకోవాలి.