బానెట్ మీది హెచ్‌పీ చూసి ట్రాక్టర్ కొనొద్దు



హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పక్క ఎవరు ట్రాక్టర్ కొన్నా మనం మొదట అడిగేది "ఎన్ని హెచ్‌పీ అన్నా?" అనే. ఆ అంకె ఇంజన్‌ది. మన చేలో పనిముట్టు లాగే బలం అది కాదు.

ఇంజన్ బలం పీటీఓ దగ్గరికి వచ్చేసరికి కొంత తగ్గుతుంది. వెనక డ్రాబార్ దగ్గరికి వచ్చేసరికి, టైర్లు జారడంతో, ఇంకా తగ్గుతుంది. రోటావేటరుకు పీటీఓ లెక్క చూడాల. కల్టివేటరుకు, ట్రాలీకి డ్రాబార్ లెక్క చూడాల.

దీన్ని కొలిచే పద్ధతి ఉంది. మధ్యప్రదేశ్‌లోని బుద్నిలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లను పరీక్షిస్తుంది. గట్టి ట్రాక్ మీద ట్రాక్టర్ వెనక ఇంకో బరువు బండి కట్టి, మధ్యలో లాగుడు కొలిచే పరికరం పెడతారు. లాగిన కిలోలను గంటకు పోయే కిలోమీటర్లతో గుణించి 270తో భాగిస్తే డ్రాబార్ హెచ్‌పీ. అంటే 1200 కిలోల లాగుడు 5.4 కిలోమీటర్ల స్పీడులో వస్తే 24 హెచ్‌పీ. టైరు జారుడు 15 శాతం దాటితే ఆ లాగుడు లెక్కలోకి రాదు.

"అది గట్టి ట్రాక్ కదప్పా, మన ఎర్రనేలలో అంత వస్తుందా?" అంటారు. రాదు, నిజమే. కానీ అన్ని బండ్లకూ ఒకటే తూకం కాబట్టి ఏది మేలో పోల్చుకోవచ్చు. షోరూము వాళ్లు చూపించే లాగుడు వీడియోల్లో ఆ తూకం లేదు.

మీ చేలో జారుడు మీరే చూసుకోవచ్చు. వెనక టైరుకు సుద్దతో గీత పెట్టండి. పనిముట్టు ఎత్తి 10 చుట్లు తిప్పితే ఎన్ని మీటర్లు పోయిందో కొలవండి. దించి, అదే గేరులో మళ్లీ 10 చుట్లు కొలవండి. ముందు 40 మీటర్లు, తర్వాత 34 వస్తే జారుడు 15 శాతం. 30 వస్తే 25 శాతం. అంత జారితే డీజిలూ టైర్లూ రెండూ అరిగినట్టే. టైర్లకు బరువు పెంచాల, లేదా లోతు తగ్గించాల.

అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం పరీక్ష లేకుండా కొత్త మోడల్ ట్రాక్టర్ అమ్మకూడదని 1919లోనే చట్టం చేసింది. దాన్ని తెచ్చిన విల్మాట్ క్రోజియర్ కూడా రైతే, పనికిరాని ట్రాక్టర్లు కొని విసిగినవాడు.

మనం అడగాల్సింది చిన్నదే. ప్రతి షోరూములో పీటీఓ హెచ్‌పీ, డ్రాబార్ హెచ్‌పీ, బండి బరువు, గంటకు డీజిలు ఖర్చు తెలుగులో బోర్డు మీద రాసిపెట్టాల. అర్థం కాకపోతే గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షల సంస్థ ఉంది, పోయి అడగండి. ఏళ్ల తరబడి కంతులు కట్టేది మనం. రిపోర్టు చూపించనిదే అడ్వాన్సు ఇవ్వొద్దు.