మూసీ నదిలో గుర్రపుడెక్క

గుర్రపుడెక్క నీటిపై తేలుతూ పెరిగే కలుపు మొక్క. దీని శాస్త్రీయ నామం పాంటెడేరియా క్రాసిపెస్. పాత పాఠ్యపుస్తకాలలో ఐకార్నియా క్రాసిపెస్ అనే పేరు కనిపిస్తుంది. ఆకు గుర్రపు డెక్కను పోలి ఉండటం వలన తెలుగులో ఈ పేరు వచ్చింది. దక్షిణ అమెరికాలోని అమెజాన్ పరీవాహక ప్రాంతం దీని జన్మస్థానం. తెలంగాణలో అనంతగిరి కొండలలో పుట్టి, హైదరాబాదు మీదుగా నల్గొండ, సూర్యాపేట ప్రాంతాలకు చేరి, మిర్యాలగూడ సమీపంలోని వాడపల్లి వద్ద కృష్ణలో కలిసే మూసీ నది ఈ మొక్కకు స్థిరనివాసంగా మారింది.

మొక్క స్వభావం

ఆకు కాడలు ఉబ్బి, లోపల గాలి గదులతో స్పంజివలె ఉంటాయి. మొక్క తేలటానికి ఇదే కారణం. తల్లి మొక్క నుండి పక్కలకు తీగలవంటి కాడలు సాగి, వాటి చివర పిల్ల మొక్కలు పుడతాయి. కాడ తెగినా పిల్ల మొక్క విడిగా బతుకుతుంది. అనుకూల పరిస్థితులలో సుమారు రెండు వారాలలో మొక్కల సంఖ్య రెట్టింపు అవుతుంది. లెక్క కోసం 10 మొక్కలతో మొదలుపెట్టి, ప్రతి రెండు వారాలకు రెట్టింపు చేస్తూ పోతే, ఆరు నెలలకు 80 వేలు దాటుతాయి. లేత ఊదారంగు పూలు అందంగానే ఉంటాయి. నిజానికి ఈ మొక్క దేశదేశాలకు పాకటానికి ఆ అందమే కారణం. విత్తనాలు అడుగున బురదలో చేరి 15 నుండి 20 ఏళ్ళ వరకు మొలకెత్తే శక్తిని నిలుపుకొంటాయి. అందువలన చెరువు ఒక వేసవిలో పూర్తిగా ఎండినంత మాత్రాన గుర్రపుడెక్క పోయినట్లు కాదు.

భారతదేశంలోకి ఇది 19వ శతాబ్దం చివరలో బెంగాల్ ద్వారా ప్రవేశించింది. అక్కడ పడవల రాకపోకలకు, వరి పొలాలకు ఎంత బెడద అయిందంటే, దీని నిర్మూలన కోసం 1936లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేయవలసి వచ్చింది.

మూసీలో పరిస్థితి

గుర్రపుడెక్కకు కావలసిన ఆహారం నత్రజని, భాస్వరం. నగరపు మురుగునీటిలో ఈ రెండూ సమృద్ధిగా ఉంటాయి. హైదరాబాదు దాటిన తరువాత మూసీపై వరుసగా పాతకాలపు కత్వలు ఉన్నాయి. కత్వ వెనుక నీరు నిలుస్తుంది, నిలిచిన నీటిలో మొక్క అల్లుకొంటుంది. వానాకాలంలో వరద వచ్చినపుడు ఈ తెప్పలు తెగి కింది కత్వకు, అక్కడి నుండి సూర్యాపేట సమీపంలోని మూసీ జలాశయం వైపు కొట్టుకొని పోతాయి. వరద నదిని శుభ్రం చేసినట్లు కనిపిస్తుంది గాని, వాస్తవానికి అది దిగువకు నారు మోసినట్లే.

దట్టంగా కమ్మిన చోట సూర్యరశ్మి నీటిలోకి దిగదు. నీటిలో కరిగిన ఆమ్లజని తగ్గి చేపలు చనిపోతాయి, బతికినవాటిని పట్టటానికి వల వేయటం కూడా కష్టమవుతుంది. తూముల వద్ద పేరుకొంటే కాలువ పారకం మందగిస్తుంది, ఆ లోటు ముందుగా తెలిసేది చివరి ఆయకట్టు రైతుకే. నిలిచిన మురుగులో పుట్టే క్యూలెక్స్ దోమలకు ఈ మొక్కల చాటు మంచి ఆశ్రయం.

నివారణ ప్రయత్నాలు

యంత్రాలతో తొలగించటం సర్వసాధారణమైన పద్ధతి. అయితే పచ్చి మొక్క బరువులో దాదాపు 95 శాతం నీరే. 100 టన్నులు ఒడ్డుకు చేర్చితే అందులో 95 టన్నులు నీటిని మోసినట్లు లెక్క. తీసినదాన్ని గట్టునే వదిలితే తదుపరి వానకు కొంత తిరిగి నీటిలో చేరుతుంది. ఎరువుగా మార్చవచ్చు గాని, ఈ మొక్క వేళ్ళు సీసం, కాడ్మియం వంటి భార లోహాలను పీల్చుకొంటాయి. పరిశ్రమల వ్యర్థాలు కలిసే నీటిలో పెరిగినదాన్ని పరీక్షించకుండా పొలానికి వేయరాదు. కలుపు మందులు కొట్టితే మొక్క చచ్చి నీటిలోనే కుళ్ళి, మిగిలిన ఆమ్లజనిని కూడా హరిస్తుంది.

మూడవ మార్గం సహజ శత్రువులు. దక్షిణ అమెరికాకు చెందిన నియోకెటినా జాతి ముక్కు పురుగులు ఆకులను తింటాయి, వాటి పిల్ల పురుగులు కాడలను తొలుస్తాయి. 1980లలో వీటిని భారతదేశానికి తెచ్చి బెంగళూరు పరిసరాల చెరువులలో వదలగా మంచి ఫలితాలు వచ్చాయి. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో 1990లలో ఇవే పురుగులను వదిలారు. ఆ దశాబ్దం చివరికి గుర్రపుడెక్క బాగా తగ్గింది, కాని తరువాతి సంవత్సరాలలో తిరిగి విజృంభించింది. సరస్సులోకి మురుగు, ఎరువుల నీరు చేరటం ఆగకపోవటం ఇందుకు ఒక ముఖ్య కారణం.

ఇటువంటి సందర్భమే జంతువులలో నల్ల సముద్రానిది. 1980ల ఆరంభంలో ఓడలు బరువు కోసం నింపుకొన్న నీటితోపాటు నెమియోప్సిస్ అనే దువ్వెన జెల్లీ అమెరికా తీరం నుండి అక్కడికి చేరింది. ఆ దశకం చివరికి అది నెత్తళ్ళ జాతి చేపల ఆహారాన్ని, గుడ్లను తిని వేటను దెబ్బతీసింది. అధిక వేట కూడా దీనికి తోడైంది. 1997లో దాన్ని తినే బెరోయే అనే మరో దువ్వెన జెల్లీ ప్రవేశించగా ఉధృతి తగ్గింది. అయితే 1990 తరువాత డాన్యూబ్ నది దేశాలలో ఎరువుల వాడకం పడిపోయి, సముద్రంలోకి చేరే పోషకాలు అప్పటికే తగ్గాయి. శత్రువు వచ్చింది, మేతా తగ్గింది. విక్టోరియాలో మొదటిది మాత్రమే జరిగింది.

శుద్ధి కేంద్రాలు, భాస్వరం

2024 నుండి మూసీ పునరుజ్జీవనం తెలంగాణ రాజకీయాలలో ప్రధాన చర్చనీయాంశంగా ఉంది. ఇందులో మురుగునీటి శుద్ధి ముఖ్యమైనది, అవసరమైనది కూడా. కాని సాధారణ శుద్ధి ప్రక్రియ ప్రధానంగా కుళ్ళే సేంద్రియ పదార్థాన్ని తొలగిస్తుంది. నత్రజని, భాస్వరాలను తీయటానికి అదనపు దశలు కావాలి. ఆ దశలు లేకుండా వదిలిన నీరు వాసన లేకుండా, కంటికి తేటగా ఉండి కూడా గుర్రపుడెక్కను పోషించగలదు. శుద్ధి కేంద్రాల సామర్థ్యం ఎన్ని లీటర్లన్న లెక్కతోపాటు బయటకు వచ్చే నీటిలో భాస్వరం ఎంతన్న లెక్క కూడా చూడవలసి ఉంటుంది.

కృష్ణా నీటిని నాగార్జునసాగర్ ఎడమ కాలువ ద్వారా పొందే హాలియా, మిర్యాలగూడ ప్రాంతాలకు మూసీ మురుగు నేరుగా చేరదు. ప్రధాన కాలువ పారుతున్నంతకాలం వేగానికి ఈ మొక్క నిలదొక్కుకోలేదు. కాని వరి మళ్ళలో వేసిన యూరియా, డీఏపీలలో కొంత భాగం మురుగు కాలువల ద్వారా వాగులలోకి, చెరువులలోకి దిగుతుంది. ఊరి మురుగు కూడా అక్కడికే చేరుతుంది. నిలిచిన అటువంటి నీటిలో కొద్ది మొక్కలే కనిపించే దశలో చేతితో ఏరివేయటం సాధ్యం, ఖర్చు కూడా తక్కువ.