ఎలకలకి మందు కాదు, తలుపుకి రేకు

మొన్న గరివిడి వెళ్ళినప్పుడు, మా అక్క కూతుర్ని ఇంటికి తీసుకురావడానికి మధ్యాహ్నం వాళ్ళ బడికెళ్ళాను. బియ్యం బస్తాలుండే గదిలో ఎలకలు ఎక్కువయ్యాయట. టమాటా ముక్కల మీద పేస్టు రాసి బస్తాల వెనక పెట్టారు. "రాత్రి పెట్టి పొద్దున్నే తీసేస్తాం బాబూ, ఏం కాదు" అన్నారు మాస్టారు. ఎన్ని ముక్కలు పెట్టారు, ఎన్ని తీశారు అంటే మాత్రం లెక్క లేదు. పక్కనే పిల్లలు కంచాలు పట్టుకుని నిలబడున్నారు. నాకు ఒళ్ళు జలదరించింది.

ఇలాంటి పేస్టుల్లో చాలావాటిలో ఉండేది పచ్చ భాస్వరం. లోపలికెళ్తే కాలేయాన్ని పాడుచేస్తుంది, విరుగుడు లేదు. 2013 జులైలో బీహార్‌లోని ఛాప్రా దగ్గర మధ్యాహ్న భోజనంలో పురుగుల మందు కలిసి 23 మంది పిల్లలు చనిపోయారు. అది ఎలకల మందు కాదు, నిజమే. కానీ విషాన్నీ తిండినీ ఒకేచోట ఉంచితే ఏమవుతుందో చెప్పడానికి అంతకన్నా ఏం కావాలి?

అలాగని ఎలకల్ని వదిలేయమనడం లేదు. 2015లో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో ఎలకలు కొరికి పసివాడు పోయిన సంగతి మర్చిపోలేం.

మన భాషలో చెప్పాలంటే, మందు పెట్టడం రోజూ సర్వర్ రీస్టార్ట్ చేసి బగ్ పోయిందనుకోవడం లాంటిది. చిట్టెలక్కి పెన్సిలంత కన్నం చాలు. మూడు వారాల్లో మళ్ళీ పిల్లల్ని పెడుతుంది. దారీ, తిండీ ఉన్నంతకాలం చచ్చినవాటి చోటుకి కొత్తవి వస్తూనే ఉంటాయి.

ముందు తలుపు కింద సందుకి రేకు కొట్టాలి. కన్నాల్లో ఇనప జాలీ కుక్కి సిమెంటు పూయాలి. బియ్యం మూతున్న డ్రమ్ముల్లో పోయాలి. ఎంగిలి మెతుకులు ఏ పూటకాపూట ఎత్తేయాలి. అప్పుడు గోడవారగా బోను. ఎలక్కి కొత్త వస్తువంటే అనుమానం, అందుకని రెండ్రోజులు తలుపు పడకుండా ఎర మాత్రమే పెట్టాలి. మందు ఆఖరి మాట, అదీ తెలిసినవాళ్ళ చేత, తాళం వేసిన పెట్టెలో. ఇదేం కొత్త సంగతి కాదు. టెక్సస్‌లో 1995 నుంచీ ప్రభుత్వ బడులకి ఈ పద్ధతి చట్టమే.

మాస్టార్ని తిట్టడం తేలిక. పేస్టు చవక, రేకుకి డబ్బులెవరిస్తారు? మనవాళ్ళందరికీ ఊరి బడికి కంప్యూటర్లివ్వాలని ఉంటుంది, ఫోటో బావుంటుంది కాబట్టి. రేకుతో ఫోటో ఏం బావుంటుంది! కానీ ముందు రేకు కొట్టించండి బాబూ. లేకపోతే ఆ కంప్యూటర్ల వైర్లు కూడా కొరికేది ఆ ఎలకలే.