పిన్ను మార్చుకుంటే చాలు

సాయంత్రం గాలి కొట్టించిన సైకిలు తెల్లారేసరికి కూలబడి ఉంటే ఎవరైనా ముందు పంక్చరనే అనుకుంటారు. టైరు విప్పి, ట్యూబు లాగి, నీళ్ళ తొట్టిలో ముంచి చుట్టూ తిప్పినా ఎక్కడా బుడగ రాదు. చాలాసార్లు తప్పు ట్యూబుది కాదు, వాల్‌ట్యూబుది. టైరు విప్పకముందే వాల్వు మూతి మీద నీటి చుక్క పెట్టి చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది. చుక్క ఉబ్బి బుడగైతే గాలి అక్కడినుంచే పోతోందన్నమాట.

మన నల్ల సైకిళ్ళ వాల్వులో ఒక సన్నటి పిన్ను ఉంటుంది. దాని పక్కన చిన్న కన్నం. ఆ కన్నాన్ని కప్పుతూ సన్నని రబ్బరు గొట్టం తొడుగుతారు, అదే వాల్‌ట్యూబు. పంపు కొట్టినప్పుడు గాలి ఆ రబ్బరును పక్కకు నెట్టి లోపలికి పోతుంది. కొట్టడం ఆపగానే లోపలి గాలి రబ్బరును కన్నానికి అదిమి దారి మూస్తుంది. 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ సైకిలుకు గాలి టైరు తొడిగిన తర్వాత కొద్ది ఏళ్ళకే వచ్చిన ఏర్పాటిది. ఇందులో స్ప్రింగు లేదు, తుప్పు పట్టి ఇరుక్కునే భాగం లేదు. రబ్బరు ముక్క ఉంటే చెట్టు కింద కూర్చుని కూడా బాగుచేసుకోవచ్చు. అయితే ఎండకు రబ్బరు బిగుసుకుపోయి చీలుతుంది. దాన్ని నెట్టుకుంటూ గాలి పోవాలి కాబట్టి పంపు కొట్టడానికి చేతిబలం ఎక్కువ కావాలి. టైరులో ఎంత గాలి ఉందో గేజి పెట్టి చూడటం కూడా కుదరదు.

ఇప్పుడు పార్వతీపురంలాంటి ఊళ్ళో రెండు రకాల వాల్వులు పక్కపక్కనే తిరుగుతున్నాయి. పాత నల్ల సైకిళ్ళకు వాల్‌ట్యూబు వాల్వు ఉంటే, లావు టైర్ల సైకిళ్ళకూ గేర్ల సైకిళ్ళకూ ఎక్కువగా మోటారుసైకిలు వాల్వే వస్తోంది. దీన్ని న్యూయార్క్‌లోని ష్రేడర్ కంపెనీ 1890లలో తెచ్చింది. దీని లోపల స్ప్రింగు పిన్ను ఉంటుంది, మామూలుగా పంపు మూతి దాన్ని నొక్కి గాలిని లోపలికి పంపుతుంది. అందుకే తాతగారి పంపు మనవడి సైకిలుకు పట్టదు. తాతగారి సైకిలు పెట్రోలు బంకుకు వెళ్తే అక్కడి గొట్టం దానికి పట్టదు. ఊళ్ళో ఉన్నవాళ్ళు నాలుగడుగులు నడిచి షాపుకు పోతారు. కురుపాం, గుమ్మలక్ష్మీపురం, సీతంపేట వైపు కొండ దారుల్లో వెళ్ళేవాళ్ళకు ఆ నాలుగడుగులు మైళ్ళవుతాయి.

వాల్‌ట్యూబు రబ్బరు చిక్కు జపాన్‌కూ వచ్చింది. అక్కడ తల్లులు పిల్లల్నీ కూరల సంచుల్నీ పెట్టుకుని తొక్కే మామూలు సైకిళ్ళకు నేటికీ మన వాల్‌ట్యూబు వాల్వే ఉంటుంది. వాళ్ళు ట్యూబు మార్చలేదు, రిమ్ము మార్చలేదు, ఇంటింటా ఉన్న పంపులూ పారెయ్యలేదు. లోపలి పిన్ను ఒక్కటే మార్చారు. రబ్బరు గొట్టం పిన్ను స్థానంలో, లోపలే చిన్న స్ప్రింగు మూత ఉన్న పిన్ను అమ్మకానికి పెట్టారు. పైనున్న నట్టు విప్పి, పాత పిన్ను తీసి, కొత్తది పెట్టి బిగిస్తే పని అయిపోతుంది. చేత్తోనే అయ్యే పని. రబ్బరు చీలే గొడవ పోతుంది, పంపూ తేలిగ్గా దిగుతుంది. పాత రబ్బరు పిన్నూ అక్కడ ఇంకా దొరుకుతుంది. ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు మారుతున్నారు.

నెదర్లాండ్స్‌లోనూ జర్మనీలోనూ అంతే. సైకిలు మీదే ఊరంతా తిరిగే ఆ దేశాల్లో మామూలు సైకిళ్ళు ఈ పాత వాల్వును వదల్లేదు. రబ్బరు గొట్టం పోయి, గాలిని ఒకవైపే పోనిచ్చే చిన్న పిన్ను వచ్చింది. సైకిలు షాపుల బయట అన్ని రకాల వాల్వులకూ పట్టే పంపు పెట్టడం కూడా అక్కడ మామూలే. బ్రిటన్‌ది వేరే దారి. ఈ వాల్వు పుట్టింది ఆ వైపే అయినా అక్కడ అది దాదాపు కనుమరుగైంది. కొత్త సైకిళ్ళు వేరే వాల్వులకు మారిపోయాయి. పాత సైకిలు ఉన్నవాళ్ళే విడిభాగాలు వెతుక్కోవాలి.

మనం బ్రిటన్ దారి పట్టకూడదు. మన దగ్గర పాత సైకిలు అలంకారానికి లేదు. పాలక్యాను మోసేదీ, పొలానికి వెళ్ళేదీ, కూలిపనికి తీసుకుపోయేదీ అదే. అలాగని జపాన్‌ను ఉన్నదున్నట్టు దించుకోవడమూ కుదరదు. అక్కడ సైకిలు షాపు చేరువలో ఉంటుంది. మన కొండల్లో దగ్గరున్నది మోటారుసైకిలు పంక్చరు షాపు. కాబట్టి మనకు రెండు పనులు కలిపి చెయ్యాల్సి వస్తుంది.

మొదటిది, పాత సైకిళ్ళకు పిన్ను మార్పు. ట్యూబు బాగున్నంతకాలం దాన్ని పీకి పారెయ్యక్కర్లేదు. బంకులో గాలి కావాలంటే వాల్వు మీద బిగించుకునే చిన్న ఇత్తడి అడాప్టరు ఉంటుంది. తాళంచెవుల గుత్తికి తగిలించుకుంటే పోదు. రెండోది, ట్యూబు ఎలాగూ పోయినప్పుడు మోటారుసైకిలు వాల్వున్న ట్యూబు వేయించుకోవడం. రెండు వాల్వుల కాండాలూ దాదాపు ఒకే లావు, సుమారు 8 మిల్లీమీటర్లు. అందుకని చాలా రిమ్ములకు కొత్తగా కన్నం వెయ్యక్కర్లేదు. ఆపైన పిన్ను పాడైనా ఏ మోటారుసైకిలు మెకానిక్కైనా మార్చేస్తాడు. బంకుల్లో గాలి ఉచితంగా పట్టాలన్నది ఆయిల్ కంపెనీల నిబంధన, ఆ సదుపాయం సైకిలుకూ అందుతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. సైకిలు ట్యూబు చిన్నది, కంప్రెసరు గాలికి క్షణంలో నిండి పగులుతుంది. గేజి చూస్తూ, ఆగి ఆగి పట్టించాలి.

ఇదంతా ఒక చిన్న పిన్ను కోసమా అని ఎవరికైనా అనిపించవచ్చు. కానీ ఆ పిన్ను మీద నడిచే సైకిలు విలువ ఎంతో చూడండి. 2006లో బీహార్ ప్రభుత్వం తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్ళు కొనుక్కోవడానికి డబ్బిచ్చింది. దాని ఫలితాన్ని కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగిందనీ, బడి దూరమైన ఊళ్ళలోనే లాభం ఎక్కువనీ తేల్చారు. మన ఆంధ్రప్రదేశ్‌లోనూ 'బడికొస్తా' పేరుతో ప్రభుత్వ బడుల ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చారు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో బడికీ ఇంటికీ మధ్య దూరం ఎంత భారమో వేరే చెప్పనక్కర్లేదు. ఇచ్చిన సైకిలు గాలి లేక గోడకు ఆని ఉంటే ఆ పిల్ల మళ్ళీ నడవాలి. లేదంటే ఆ రోజు బడి మానెయ్యాలి.

అందుకే మూడు విన్నపాలు. పిల్లలకు సైకిళ్ళు కొనే అధికారులు టెండరులోనే వాల్వు రకం రాయాలి, ఊరి పంక్చరు షాపులో దొరికేదే ఎంచుకోవాలి. ప్రతి హైస్కూలూ, ప్రతి ఆశ్రమ పాఠశాలా రెండు వాల్వులకూ పట్టే పంపు ఒకటి వరండాలో ఉంచాలి, వాడటం పిల్లలకే నేర్పాలి. సైకిలు షాపులవాళ్ళు ఈసారి సరుకుకు ఆర్డరు పెట్టేటప్పుడు రబ్బరు గొట్టాలతోపాటు స్ప్రింగు పిన్నులూ అడాప్టర్లూ తెప్పించాలి. ఈ మూడూ జరిగితే ఒక్క పాత సైకిలునూ మూలన పడెయ్యకుండానే మారిపోగలం.