చెమట చూసి మనసు తేల్చొద్దు

అరచేతికి పట్టే చెమట మన చెప్పుచేతల్లో ఉండదు. భయమేసినా, కోపమొచ్చినా, సంతోషం పొంగినా చర్మం కాస్త తడిసి, అందులో విద్యుత్తు తేలిగ్గా పారుతుంది. ఆ మార్పును పసిగట్టి దీపంగా వెలిగించే చేతితొడుగును అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ పరిశోధకులు 1999 ప్రాంతంలోనే తయారుచేశారు. తర్వాత, తొడుక్కున్నవారి ఉద్వేగాన్ని బట్టి మెడ దగ్గర రంగులు మార్చే స్వెటర్లూ వచ్చాయి. ముచ్చటపడి వేసుకునేవారితో పేచీ లేదు. వేసుకోక తప్పనివారి గురించే ఈ ఆందోళన.

2019లో చైనాలోని జెజియాంగ్ ప్రావిన్సులో ఒక ప్రాథమిక పాఠశాల, పిల్లల తలలకు మెదడు తరంగాలను కొలిచే పట్టీలు పెట్టింది. ధ్యాస నిలిస్తే నుదుట ఎర్ర దీపం, చెదిరితే నీలం. ఆ లెక్కలు టీచరు కంప్యూటరుకు చేరేవి, తల్లిదండ్రులకూ అందేవి. జనం మండిపడ్డాకే వాటిని పక్కన పెట్టారు. కిటికీలోంచి బయటికి చూసే స్వేచ్ఛ కూడా పసివాళ్లకు మిగలని తరగతి గది అది.

చర్మంపై కొలత ఉద్రేకం ఎంతో చెబుతుంది, ఎందుకో చెప్పదు. ఇంటర్వ్యూకి వచ్చిన అమ్మాయి చేతులు చెమర్చింది బెరుకుతోనా, అబద్ధమాడుతూనా, మే నెల ఎండలో బస్సు దిగి నడిచి వచ్చినందుకా? యంత్రానికి తెలియదు. ఎదుట కూర్చున్న అధికారి మాత్రం తనకు తోచిన కారణం అంటగడతాడు. ఆయన చేతికి ఏ దీపమూ ఉండదు.

సమ్మతి లేకుండా నార్కో, పాలిగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలు చేయరాదని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. నేరారోపణ ఎదుర్కొంటున్నవారికి దక్కిన ఆ రక్షణ విద్యార్థికీ ఉద్యోగికీ అంత స్పష్టంగా లేదు. బడుల్లో, పనిచోట్ల మనుషుల భావోద్వేగాలను పసిగట్టే కృత్రిమ మేధను ఐరోపా సమాఖ్య 2025 ఫిబ్రవరి 2 నుంచి నిషేధించింది. వైద్యానికీ భద్రతకూ మాత్రమే మినహాయింపు. మన దేశపు 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో అలాంటి నిషేధం లేదు సరికదా, ఉద్యోగ అవసరాల పేరిట కొన్ని సందర్భాల్లో సమ్మతి అడగకుండానే సమాచారం వాడుకునే వీలు యజమానికి ఉంది.

పొద్దున్నుంచి రాత్రిదాకా స్టడీ అవర్లు నడిపే మన కార్పొరేట్ కాలేజీల్లోకి ధ్యాసను కొలిచే ఆ చైనా బడి పట్టీలాంటిది వస్తే, సమ్మతి పత్రంపై సంతకం అడ్మిషన్ ఫారంతోపాటే అయిపోతుంది. ర్యాంకుల కోసం పిల్లల్ని అప్పగించే తల్లిదండ్రులు కాదనగలరా? కేంద్రం డేటా చట్టంలో ఇలాంటి పరికరాలపై నిషేధం చేర్చాలి. అంతవరకూ ఆగకుండా, రెండు తెలుగు రాష్ట్రాల ఇంటర్ బోర్డులు కాలేజీల గుర్తింపు షరతుల్లోనే ఈ నిషేధాన్ని రాయాలి.