కోతకు డబ్బుంది, పరీక్షకు లేదు

గర్భసంచి తీయించుకున్న స్త్రీలు మన ఏ పల్లెకు వెళ్ళినా కనిపిస్తారు. గర్భసంచి ముఖద్వారాన్ని ఒక్కసారైనా పరీక్ష చేయించుకున్న స్త్రీ కోసం మాత్రం వెతకాల్సి వస్తుంది. ఇది మాటవరసకి అంటున్నది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 15-49 ఏళ్ళ స్త్రీలలో నూటికి ఎనిమిది మందికి పైగా గర్భసంచి తీయించుకున్నారు. దేశం మొత్తం మీద ఇది సుమారు మూడు శాతమే. అదే సర్వేలో, దేశంలోని 30-49 ఏళ్ళ స్త్రీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరు.

2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ గానీ, 2018లో కేంద్రం తెచ్చిన ఆయుష్మాన్ భారత్ బీమా గానీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరాక అయ్యే ఖర్చుకు సంబంధించినవి. ప్రాణాల మీదికి వచ్చినప్పుడు వాటివల్ల మేలు పొందిన పేద కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ సంగతి కాదనలేం. కానీ జబ్బు ముదిరితే గానీ ఆ కార్డు అక్కరకు రాదు. పైగా డబ్బు కోతకే వస్తున్నప్పుడు అక్కర్లేని కోతలు పెరుగుతాయి. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో అలా జరిగిన గర్భసంచి ఆపరేషన్లపై సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పు చెబుతూ, వాటిని అరికట్టే మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని ఆదేశించింది.

పోనీ, పరీక్ష ఖరీదైనదా? ముఖద్వారానికి పలుచని ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లో ఉండేదే, రాసి, కాసేపాగి తెల్లమచ్చ కనిపిస్తుందేమో చూడటమే. శిక్షణ పొందిన నర్సు చేయగలదు. ముంబై మురికివాడల్లో ఆరోగ్య కార్యకర్తలే రెండేళ్ళకోసారి ఈ పరీక్ష చేయగా, ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయని టాటా మెమోరియల్ ఆసుపత్రి పరిశోధన 2013లో వెల్లడించింది. ఇంతకన్నా కచ్చితమైన హెచ్‌పీవీ పరీక్షలూ ఇప్పుడున్నాయి. 30-65 ఏళ్ళ స్త్రీలకు అయిదేళ్ళకోసారి పరీక్ష చేయాలని కేంద్రం 2016లోనే మార్గదర్శకాలిచ్చింది.

అయినా ఎందుకు జరగడం లేదంటే, స్త్రీలకు అవగాహన లేదన్న జవాబు వస్తుంది. తెల్లబట్టతో, నడుంనొప్పితో ఏళ్ళ తరబడి పని చేస్తున్న స్త్రీకి తన బాధ తెలుసు. ఉచిత పరీక్షకు పోతే ఎంత పోతుందో కూడా తెలుసు: ఒకరోజు కూలి, బస్సు చార్జీ, ఇంట్లో మాటలు. తీరా వెళితే లేడీ డాక్టరు ఉండదు, చాటుకి తెర ఉండదు. వ్యవసాయ కూలీకి, ఇళ్ళల్లో పనిచేసే స్త్రీకి ఈఎస్ఐ లేదు. బీడీ కార్మికుల సంక్షేమానికి ఆధారంగా ఉన్న సెస్సు 2017లో జీఎస్టీ రాకతో రద్దయింది.

ఇలాంటప్పుడు పొదుపు సంఘాలే ఆరోగ్య నిధి పెట్టుకోవాలన్న సలహా తరచూ వినిపిస్తుంది. దారి ఖర్చుకి, తోడు వెళ్ళడానికి సంఘం ఆసరా కావచ్చు. కానీ ప్రభుత్వం మోయాల్సిన బరువుని అరకొర కూలితో బతికే స్త్రీల పొదుపు మీదికి నెట్టడాన్ని మనం ఒప్పుకోకూడదు. నివారణ పేరుతో ఏం చేసినా సరేనని కూడా కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు హెచ్‌పీవీ టీకాలు వేసినప్పుడు, తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. నిరసనలతో 2010లో ఆ కార్యక్రమం ఆగింది. చెప్పి, అర్థమయ్యాక, ఒప్పుకుంటేనే ఏదైనా చేయాలి.

2023 మార్చి 8న తెలంగాణలో ‘ఆరోగ్య మహిళ’ పేరుతో మంగళవారాలు స్త్రీల కోసమే క్లినిక్కులు మొదలయ్యాయి. ఆలోచన మంచిదే. అయితే రోజుకూలీకి మంగళవారం కూడా పనిదినమే. అందుకే మన సంఘాలు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ముందూ ఈ కోర్కెలు పెట్టాలి: పని ముగిశాక సాయంత్రం పరీక్షలు, పరీక్షించేది స్త్రీయే కావడం, పోయిన కూలికి పరిహారం, మచ్చ కనిపించిన స్త్రీకి చికిత్స పూర్తయ్యే దాకా ప్రయాణ ఖర్చు. ఏ ఊళ్ళో ఎంతమందికి పరీక్ష జరిగిందో, ఎంతమందికి గర్భసంచి తీసేశారో ఆ లెక్కలు గ్రామసభలో చదివించాలి. ఆ పని ఈ మూడు నెలల్లోనే మొదలుపెడదాం.